చిటికెడు పొడి

పళ్లెంలో మిగిలిన ఆఖరి వేరుశెనగ గింజను కూడా పిల్లాడు నోట్లో వేసుకుని కరకర నమిలేశాడు.

నానమ్మ ఆసుపత్రి కుర్చీలో దర్జాగా వెనక్కి వాలింది. పొద్దుట్నుంచీ పరీక్ష పేరుతో ఒకటి, రెండు, నాలుగు అంటూ పెంచుకుంటూ నర్సు గుప్పెడు గింజలు తినిపించింది. కొత్త రుచి అని వాడు మొహం కూడా చిట్లించలేదు. అచ్చం తన పోలికే. మంచానికి అవతల కోడలు మాత్రం ఊపిరి బిగబట్టి వాడి పెదాల వంకే చూస్తోంది.

"ఇంకా ఏం చూస్తావమ్మాయ్? వాడికేం కాదు" అంది నానమ్మ.

"ఇంకాసేపు ఆగాలి అత్తయ్యా."

ఆగాలట! మూడేళ్లుగా చేస్తున్నది అదేగా.

పిల్లాడికి ఏడాదిన్నరప్పుడు ఒకరోజు మూతి వాచింది. ఒంటినిండా దద్దుర్లు, ఆయాసం. అంతకు కాస్త ముందు నానమ్మ తను తింటున్న వేరుశెనగల్లోంచి ఓ గింజ నలిపి వాడి నోట్లో పెట్టిన మాట నిజమే. ఏ చీమో కుట్టి ఉంటుందని ఆవిడ చెబుతూనే ఉంది. వింటేనా! ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడ చేతి మీద ఏవో చుక్కలు వేసి, సూదితో గుచ్చి, ఒకచోట దద్దురు లేచిందని అలర్జీ అని తేల్చారు. సూదితో గుచ్చితే ఎవరికి లేవదు దద్దురు?

ఆ రోజుతో ఇంట్లో వేరుశెనగలకి నూకలు చెల్లాయి. నానమ్మకి అవంటే ప్రాణం. వీధి చివర ఎవరు వేయిస్తున్నా కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. అలాంటి మనిషి చూస్తుండగానే కోడలు వంటింట్లో డబ్బా తీసి పక్కింటికి ఇచ్చేసింది. బిస్కెట్ పొట్లం కొంటే వెనకున్న చీమ తలకాయంత అక్షరాలు చదువుతుంది. పుట్టినరోజు పార్టీకి పిలిస్తే పిల్లాడి తిండి డబ్బాలో పెట్టుకుని బయల్దేరుతుంది. నానమ్మకి తల కొట్టేసినట్టుండేది. తనూ నలుగురు పిల్లల్ని పెంచింది. ఒక్కరికైనా ఇలాంటి షోకు జబ్బు వచ్చిందా?

అన్నిటికంటే ఒళ్లు మండించేది ఆ పొడి.

ఏడాదికి పైగా రోజూ పొద్దున్నే అదే తంతు. గది తలుపు సందులోంచి నానమ్మకి అంతా కనిపిస్తుంది. కోడలు బీరువా తాళం తీసి ఓ చిన్న సీసా బయటికి తీస్తుంది. బుల్లి త్రాసు మీద చిటికెడు పొడి బంగారం తూచినట్టు తూస్తుంది. నెలనెలా ఆ చిటికెడు కాస్త కాస్త పెరుగుతోంది కూడా. అరటిపండు గుజ్జులో కలిపి వాడికి తినిపిస్తుంది. ఆ తర్వాత వాణ్ణి గెంతనివ్వదు, పరిగెత్తనివ్వదు. బొమ్మల పుస్తకం ముందేసి, ఒళ్లో ఓ ఇంజెక్షన్ పెట్టుకుని పక్కనే కాపలా కూర్చుంటుంది. ఆఫీసుకి ఆలస్యమైనా కదలదు. వాడికి జ్వరమొస్తే మాత్రం ఆ రోజు పొడి ఉండదు. జ్వరమొస్తే మానేసే మందు ఎక్కడైనా ఉందా అని నానమ్మ పక్కింటావిడతో కలిసి పడీపడీ నవ్వింది.

"ఏం పొడి అమ్మాయ్ అది, బూడిదా?" అని ఒకసారి అడిగింది కూడా.

"మందు అత్తయ్యా. దయచేసి మీరు దాన్ని ముట్టుకోకండి."

ముట్టుకోకూడదట! ఎప్పుడో దగ్గుమందు ఒక చెంచా పొయ్యమంటే, తొందరగా తగ్గుతుందని తను రెండు పోసింది. వాడు సాయంత్రం దాకా మగతగా పడున్నాడు. అంతమాత్రానికే మందులన్నిటికీ తాళం పడింది. సొంత మనవడికి తనేదో విషం పెట్టినట్టు!

డాక్టరమ్మ వచ్చింది. పిల్లాడి చొక్కా ఎత్తి చూసింది. వీపు మీద గొట్టం పెట్టి వింది.

"ఒక్క దద్దురు లేదు. ఆయాసం లేదు. గుప్పెడు తిని హాయిగా ఉన్నాడు."

నానమ్మ లేచి నిలబడింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానమ్మా! వీడికి ఏ రోగమూ లేదు. అంతా ఈ పిల్ల సృష్టి."

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరగనేలేదు. కోడలి భుజం పట్టుకుని, "ఈ గొప్పంతా నీదేనమ్మా" అంది. కోడలు భోరుమంది.

దేనికి గొప్ప? ఇంటిల్లిపాది నోరూ కట్టేసి ఉంచినందుకా? పరువు పోయాక ఏడవక ఏం చేస్తుందిలే అనుకుంది నానమ్మ. కాస్త జాలి కూడా వెయ్యలేదు.

ఇంటికొచ్చే దారంతా ఫోన్లో చుట్టాలకి చాటింపు వేసింది. "ఏమీ లేదట. తేల్చేశారు. అంతా మా కోడలి పైత్యం." కోడలు ఒళ్లో నిద్రపోయిన పిల్లాడి జుట్టు నిమురుతూ కూర్చుంది. ఎదురాడటానికి మొహం ఉండాలిగా!

ఇంట్లో అడుగుపెట్టగానే కొడుకు మెల్లిగా అడిగాడు. "మరి రేపు పొడి?"

"మానేస్తే మళ్లీ మొదటికొస్తుందన్నారు. ఇక ముందు కూడా రోజూ ఇవ్వాల్సిందే" అంటూ కోడలు బీరువా తెరిచి సీసా చూసుకుంది.

నానమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. రోగమే లేదని తేలాక కూడా మందా? సిగ్గుండక్కర్లేదూ?

ఇంతలో పిల్లాడు పక్క గదిలోంచి పిలిచాడు. కోడలు వెళ్లింది. తాళంచెవి బీరువాకే వేలాడుతోంది. నానమ్మ సీసా అందుకుని గబగబా వంటింట్లోకి నడిచింది. ఈ నాటకానికి ఈ పూటతో తెర దించాల్సిందే.

మూత తిప్పి చెత్తబుట్టలో గుమ్మరించబోతుంటే, మూడేళ్లుగా కోడలు ఆ ఇంటి గడప తొక్కనివ్వని వేయించిన వేరుశెనగల కమ్మటి వాసన, ఆ సీసాలోంచే గుప్పుమని ఆవిడ ముక్కుకి కొట్టింది.