వెంట్రుకంత బిగువు

“రింగుకు సందు వదలాలని తెలుసు. నా బల్ల మీద గిన్నె పెట్టుకోవడానికి సందు వదలాలని మాత్రం తెలియదు ఈయనకి,” అంది మేస్త్రి భార్య, ఆ వారంలో నాలుగోసారి.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద మోటారుసైకిల్ ఇంజను బ్లాకు, పిస్టన్, కొత్త రింగులు, ఒక ఆకురాయి. కూరగిన్నె కోడలి ఒళ్ళో ఉంది.

“షెడ్డులో వెలుతురు చాలడం లేదే,” అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

ముప్ఫై ఏళ్ళు అదే షెడ్డులో, అదే వెలుతురులో ఇంజన్లు విప్పి బిగించాడు. ఒక్క మర కూడా ఇంటికి తెచ్చిన మనిషి కాదు. ఈ సంతంతా ఆరు నెలల నుంచే.

“వెలుతురు కాదు నాన్నా, కళ్ళు,” అన్నాడు కొడుకు. “ఒప్పుకో.”

“మోకాళ్ళు పోయాయి. ఒప్పుకున్నాగా. గొంతుక్కూర్చోలేను. కళ్ళకేం రాలేదు.”

“మరి నేను కొనిచ్చిన కళ్ళద్దాలు డబ్బాలో ఎందుకు నిద్రపోతున్నాయి?”

“వాటికి పని లేదు గనక.”

కోడలు నవ్వు ఆపుకుంటూ గిన్నె వైపు చూసుకుంది. కొడుకు మాత్రం నవ్వలేదు. షెడ్డును టైర్ల కొట్టు వాళ్ళు అద్దెకు అడుగుతున్నారు. నెల రోజులుగా ఇంట్లో అదే రామాయణం.

“ఒక్క ఇంజను వేడెక్కి పట్టేసిందంటే ముప్ఫై ఏళ్ళ పేరు బూడిదలో పోసిన పన్నీరే. ఆ ముచ్చట కూడా చూడాలా?” అన్నాడు కొడుకు.

“అయితే ఈ బండే నువ్వు తోలి చూడు,” అన్నాడు మేస్త్రి. “ఆదివారం, మిట్టమధ్యాహ్నం, ఊరి చివర ఎత్తంతా ఎక్కించు. పట్టేస్తే షెడ్డు నీ ఇష్టం.”

మేస్త్రి భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియనిది ఆమెకు తెలుసు.

ఆరు నెలల క్రితం ఒక మధ్యాహ్నం, బల్ల సర్దుతూ, ఊరికే ఒక రింగును బ్లాకులో పెట్టి చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి వింటున్న పాఠమే. రింగును లోపల పెట్టాలి. పిస్టన్‌తో సమంగా నెట్టాలి. తెగి ఉన్న దాని రెండు కొసల మధ్య, సందు కొలిచే పల్చటి రేకుల్లో ఎనిమిదో నంబరు కొలరేకు ఆడాలి. ఆడకపోతే, ఇంజను వేడెక్కి రింగు సాగినప్పుడు కొసలు రెండూ గుద్దుకుంటాయి. రింగు విరుగుతుంది, లోపలి గోడనంతా గీరేస్తుంది.

రేకు దూరలేదు.

ఆయనకు చూపు ఆనడం లేదన్నమాట. చెబితే మనిషి కుంగిపోతాడు. కొడుకు చెవిన పడితే షెడ్డు పోతుంది. షెడ్డు పోతే ఆయన పొద్దున్నే లేచి ఎక్కడికి వెళతాడు? చప్పుడు కాకుండా ఆకురాయి అందుకుంది. నాలుగు రుద్దులు రుద్దింది. మళ్ళీ కొలిచింది. మరో రెండు. రేకు దూరింది.

అప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి రింగునూ ఆమె రెండోసారి చూస్తూనే ఉంది.

అన్నీ కలిసొచ్చాయి కూడా. ఎన్నడూ పగలు నడుం వాల్చని మనిషి భోజనమవగానే గంటసేపు పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ గురకకు ఆమె రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేది. పాత ఆకురాయి బరువవుతోందంటూ చేతిలో ఇమిడే చిన్నది కొన్నాడు. కొలరేకుల గుత్తిలో ఎనిమిదో నంబరు ఎప్పుడూ విప్పే ఉండేది. ముడిచి పెట్టడం కూడా మరిచిపోతున్నాడు పాపం, అనుకునేది.

అన్నిటికన్నా పెద్ద అదృష్టం, ఆయన తప్పు ఎప్పుడూ బిగువు వైపే ఉండేది. ఒక్క రింగు వదులైనా ఆమె చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇనుమును అరగదీయగలం గానీ అతికించలేం.

శనివారం ఆయన గురక మొదలవగానే ఆమె బల్ల దగ్గరికి చేరింది. రెండు రింగులు బిగువే. ఒక కొసనే, ఒక వైపుకే రుద్దుతూ, మధ్యమధ్య కొలుచుకుంటూ పని కానిచ్చింది. ఒకసారి ఆకురాయి కిర్రుమంది. లోపల గురక టక్కున ఆగింది. ఆమె ఆకురాయిని కొంగు కిందికి లాక్కుంది. క్షణం తరవాత గురక మళ్ళీ మొదలైంది, ముందుకన్నా కాస్త గట్టిగా. పొడిని తడిగుడ్డతో తుడిచేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది.

ఆదివారం బండి ఎత్తెక్కింది. ఒకసారి కాదు, మూడుసార్లు. కొడుకు చెమటలు కక్కుకుంటూ వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

“పొగ లేదు. పట్టేయలేదు. సరే నాన్నా, నీదే పైచేయి. టైర్ల వాళ్ళకి కుదరదని చెప్పేస్తా.”

మేస్త్రి భార్య కొడుకు కంచంలో మరో గరిటెడు కూర వేసింది. ఇంకో ఆరు నెలలైనా గడిచిపోతుంది.

“చెప్పెయ్,” అన్నాడు మేస్త్రి. “కానీ రేపటి నుంచి నేను వెళ్ళను.”

కోడలి చెయ్యి కంచంలోనే ఆగింది.

“ఇదేంటి మామయ్యా? గెలిచి మరీ మానేస్తారా?”

“మోకాళ్ళు పోయాయని ఎప్పుడో చెప్పాను. మీరే కళ్ళ మీద పడ్డారు.”

“మరి షెడ్డు?” అన్నాడు కొడుకు.

మేస్త్రి జేబులోంచి కొలరేకుల గుత్తి తీశాడు. విప్పి ఉన్న ఎనిమిదో నంబరును జాగ్రత్తగా ముడిచి, గుత్తిని భార్య కంచం పక్కన పెట్టాడు.

“ఆరు నెలలుగా ప్రతి రింగుకీ వెంట్రుకంత బిగువు కావాలనే వదిలిపెడుతున్నా,” అన్నాడు నెమ్మదిగా, అందరికీ వినపడేలా, “మీ అమ్మ ఒక్కటీ వదిలిపెట్టలేదు, రేపటి నుంచి షెడ్డు ఆవిడది.”