తిరుగుదారి కిరాయి

ఎడమ తలుపు ఆ రోజు కూడా మొరాయించింది.

సరుకు ఎక్కించడానికి వచ్చిన హమాలీ లాగి చూశాడు. లారీ యజమాని కాలితో తన్ని చూశాడు. ఊహూఁ, కదల్లేదు.

గోడ నీడలో కూర్చున్న ముసలాయన ఒకరు లేచి వచ్చారు. తలుపును కింద నుంచి కాస్త పైకెత్తి, మోకాలితో చిన్నగా తట్టారు. పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు తెరుచుకుంది.

"భలేవాడివి తాతా! వయసులో ఉన్నప్పుడు దొంగతనాలు చేసేవాడివా ఏమిటి?" అని నవ్వాడు యజమాని.

"పాత బండ్లన్నీ ఇంతే నాయనా. కొడితే వినవు, ఎత్తుకుంటే వింటాయి. ఎందాకా పోతున్నావు?"

"రేవు దాకా."

"నేనూ వస్తాను. అక్కడ తెలిసినవాళ్లున్నారు."

"ఎక్కు, ఎక్కు. నువ్వెంత బరువని!"

అవి బండికి కొత్త రంగు వేయించిన రోజులు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా తడి రంగు వాసన తగిలితే యజమానికి ఆ రోజులే గుర్తొస్తాయి. అప్పటిదాకా ఒకరి లారీ తోలినవాడు, సొంతానికి ఓ పాత లారీ కొన్నాడు. అంతా దళారే చూశాడు. అమ్మినవాడి ముఖం కూడా ఇతను చూడలేదు. భార్య తన కుట్టుమిషన్లలో ఒకటి మాత్రం ఉంచుకుని, మిగిలినవి అమ్మి డబ్బు చేతిలో పెట్టింది. బండి నడిస్తేనే ఇల్లు నడవాలి.

దారిలో ముసలాయన అడిగారు. "తిరుగుదారికి ఎంత వేశావు?"

"ఏమీ వెయ్యలేదు. పోయేదారికే కిరాయి. అందుకే అందరికంటే తక్కువ. బేరాలన్నీ అందుకే నా దగ్గరికి వస్తున్నాయి."

"వచ్చేటప్పుడు బండి డీజిల్ తాగదా? గాలి భోంచేస్తుందా?"

"దేవుడే ఏదో లోడు చూపిస్తాడులే తాతా."

ముసలాయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి తలుపు రేకును నిమురుతూ కూర్చున్నారు.

చిత్రం, దేవుడు చూపించాడు! సరుకు దింపి, లారీ కింద చాప వేసుకుని కునుకు తీశాడో లేదో, ఎవరో వచ్చి తట్టి లేపారు.

"బండి ఖాళీయేనా? మీ ఊరికి లోడుంది."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అంతే. ముసలాయనా ఎప్పుడూ తయారే. దిగగానే ఎటో పోయేవారు. తిరుగు ప్రయాణానికి చెమటలు కక్కుతూ వచ్చి ఎక్కేవారు. యజమాని ఆయనకు 'ఉచితం తాత' అని పేరు పెట్టాడు.

ఎంత బాగుండేవో ఆ ప్రయాణాలు! ఇంజను పాటకు తాత కూనిరాగం. ఏ మలుపు దగ్గర బండి మూలుగుతుందో ముందే చెప్పేవారు. చెప్పినచోటే మూలిగేది. ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్లు.

ఇంట్లో భార్య మాత్రం ఊరుకునేది కాదు.

"ఒక చేతికే కూలి తీసుకుని రెండు చేతుల చొక్కా కుట్టినట్టుంది మీ కిరాయి. అదృష్టం మీద ఎన్నాళ్లు నడుస్తుందండీ బండి?"

"నా జాతకం అలాంటిదే!" అని మీసం దువ్వేవాడు.

ఒకరోజు పెద్ద బేరమే తగిలింది. ఏడాది పొడవునా సరుకిస్తానన్నాడు ఓ వ్యాపారి. అదే తక్కువ కిరాయికి ఇతను చేతిలో చెయ్యి వేశాడు. మొదటి లోడుతో తనూ వస్తానని వ్యాపారి బండి దగ్గరికి వచ్చాడు.

ముసలాయన అప్పటికే సీట్లో ఉన్నారు.

"ఏడాదికి మాటిచ్చావా? పోయేదారికేనా? తప్పు నాయనా! తిరుగుదారికీ వేసుకో. ఇప్పుడే చెప్పెయ్," అన్నారు, వ్యాపారి ఎదుటే.

వ్యాపారి ముఖం ముడుచుకుంది. యజమానికి తల కొట్టేసినట్టయింది.

"దిగు తాతా! ఊరికే ఎక్కించుకుంటుంటే పెత్తనం కూడానా? ఇదేమన్నా నీ సొంత బండా?"

ముసలాయన అతని వైపు చూసి, మెల్లగా నవ్వారు.

"కాదు నాయనా. నీదే."

దిగి, తలుపును కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా వేశారు.

మళ్లీ ఆ గోడ నీడలో కనిపించలేదు.

అప్పటి నుంచి దేవుడూ కనిపించలేదు. చాప మీద పడుకుంటే తట్టి లేపేవాడు లేడు. ఖాళీ బండి దారంతా డబ్బాలా మోగేది. పోయేటప్పుడు వచ్చిందంతా వచ్చేటప్పుడు డీజిలుకే పోయేది. ఇచ్చిన మాటేమో ఏడాదికి. భార్య ఉన్న ఒక్క మిషను ముందు నుంచి లేచేది కాదు. ఒక్క మాటా అనేది కాదు. అదే ఎక్కువ గుచ్చుకునేది.

ఉండబట్టలేక రేవు దగ్గర గోడౌన్ గుమాస్తాను అడిగాడు.

"మునుపు పిలిచి మరీ లోడిచ్చేవారు. ఇప్పుడు నా మీద కోపమెందుకండీ?"

"కోపమెందుకయ్యా! అడిగినవాడికి ఇస్తాం. నీ తరఫున పెద్దాయన వచ్చి అడిగేవాడు."

"ఏ పెద్దాయన?"

"నీతో వచ్చేవాడే. నువ్వు బండి కింద గుర్రు పెడుతుంటే, ఆయన ఎండలో ప్రతి గోడౌన్ గుమ్మం ఎక్కి దిగేవాడు. 'కుర్రాడు కిరాయి లెక్క కట్టడం తెలియనివాడు, నేర్చుకునేదాకా ఖాళీగా పంపకండి' అని బతిమాలేవాడు."

అతను గుమాస్తా దగ్గరికి జరిగాడు.

"ఆయన ఇల్లెక్కడండీ?"

"ఇప్పుడు తెలిసి ఏం లాభం? పోయిన వారమే పోయాడు. మా హమాలీలే వెళ్లి మోసి వచ్చారు."

యజమాని లారీ వైపు చూశాడు. ఎండ పడి ఎడమ తలుపు మెరుస్తోంది.

"నేనాయనకు ఏమవుతానని... నా కోసం ఎందుకు తిరిగాడండీ?"

గుమాస్తా వింతగా చూశాడు.

"నీతో చెప్పనే లేదా? నీకంటే ముందు ఆ బండి ఆయనదేనయ్యా, పోయేదారికే కిరాయి తీసుకుని, ఖాళీగా తిరిగొచ్చి తిరిగొచ్చి అమ్ముకున్నాడు."