బొమ్మకి అడ్డం

"ఈ బొమ్మ గీసిందెవరు?"

అతను చేతిలోని పేపరు ముక్కని కోపంగా ఊపాడు.

ఆదివారం పొద్దున. పాత మూడంతస్తుల మేడకి ఎదురుగా, రోడ్డు పక్కన ఎనిమిది మంది మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో తెల్లకాగితాల పుస్తకాలు, పక్కన రంగుల పెట్టెలు. వారానికో వీధిలో కూర్చుని కళ్లెదుట ఉన్నది గియ్యడం వాళ్ల సరదా. ఈ వీధికి రావడం రెండోసారి.

వాళ్లలో పెద్దాయన నవ్వుతూ లేచాడు. రిటైరైన డ్రాయింగు మేష్టారు.

"రండి రండి. కొత్తవాళ్ల కోసం కుర్చీ ఒకటి ఎక్కువే తెస్తాం. పెన్సిలూ ఉంది. గీత వంకరపోతే సిగ్గుపడకండి, మావీ అంతే."

"నేను గియ్యడానికి రాలేదు. అడిగినదానికి చెప్పండి."

చివర కూర్చున్న కళ్లద్దాల అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది. "నేనే అంకుల్. మొన్నీమధ్య పేపర్లో వేశారు. బాగుందా?"

"బాగుందా?" అతను ఒంటికాలి మీద లేచాడు. "ఆ మేడ వైపు చూడు. కిటికీలకి ఏం వేలాడుతున్నాయి?"

"బట్టలు."

"నీ బొమ్మలో ఏవీ?"

అమ్మాయి బిక్కమొహం వేసింది. మేష్టారు అందుకున్నాడు.

"బట్టలు, కరెంటు తీగలు, విరిగిన బకెట్లు... అవన్నీ వదిలేస్తామండీ. బొమ్మకి అడ్డం వస్తాయి. నేను నేర్పే మొదటి పాఠమే అది."

"అడ్డమా? పదకొండు సంసారాలు మీ బొమ్మకి అడ్డమా?"

ఎనిమిది కుంచెలూ ఆగిపోయాయి.

అతను పేపరు ముక్కని మేష్టారి మొహం మీదికి తెచ్చాడు. "ఇంటి ఓనరు దీన్ని కత్తిరించి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాడు. ఇదిగో చూడండి, పాడుపడ్డ కొంప, పురుగు కూడా లేదు, కూల్చుకుంటానన్నాడు. ఆఫీసు సరేనంది. మంగళవారం మిషన్లు వస్తున్నాయి. నిన్న గుమ్మానికి నోటీసు అంటిస్తుంటే బిలబిలమంటూ బయటికొచ్చారు జనం. పై అంతస్తులో కాళ్లు పడిపోయిన ముసలాయన ఉన్నాడు. ఆయన్ని మంచంతో దించాలంటే నలుగురు కావాలి. కింద నెల తిరగని పసిగుడ్డు. ఎక్కడికి పోతారు వీళ్లంతా?"

అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకు తెలీదు అంకుల్."

"తెలీదంటే అయిపోయిందా? ఒక్కసారి ఆ మెట్లెక్కి చూస్తే కాళ్లు అరిగిపోయేవా?"

"ఆ పిల్ల మీద పడతారేంటి?" పక్కనున్న బ్యాంకాయనకి ఒళ్లు మండింది. "మెట్లెక్కి చూడాల్సింది ఆఫీసువాళ్లు. ఇన్‌స్పెక్టరని ఒకడుంటాడుగా, వాడేం చేస్తున్నట్టు?"

అతను పేపరు ముక్కని మడిచి జేబులో కుక్కుకున్నాడు. గొంతు ఇంకా పెద్దదయింది.

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకండి! వాడూ ఒక మనిషేనా? జీతానికి బదులు వాడికింత గడ్డి పడేస్తే సరిపోయేది!"

ఆ కేకలకి రెండో అంతస్తులో ఒకావిడ తొంగిచూసింది. అతన్ని చూడగానే కిటికీ రెక్కలు ధడేలున వేసేసింది.

"మీకూ ఆవిడకీ మాటల్లేవా?" అన్నాడు బ్యాంకాయన.

"లేవు. ఉండవు కూడా." అతను మొహం తిప్పుకున్నాడు. "రేపు పదింటికి కమిషనరు బల్ల మీద కాగితం ఉండాలి. బొమ్మ తప్పని గీసినవాళ్లే రాసివ్వాలి. ఇప్పుడే, ఇక్కడే."

కళ్లద్దాల అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు కోపం ఆమె వంతయింది.

"మేష్టారూ, మీ మొదటి పాఠం మీ దగ్గరే ఉంచుకోండి!" అంటూ పుస్తకంలో పేజీ ఫట్టున తిప్పింది.

మేష్టారు కుర్చీలో కూర్చుని, తనూ కొత్త పేజీ తిప్పాడు.

గంటసేపు ఎవరూ తలెత్తలేదు, మేడని చూడ్డానికి తప్ప. అతను మాత్రం కూర్చోలేదు. ఒక్కొక్కరి వెనకా నిలబడి అదిలించాడు.

"ఆ మూల కిటికీలో దుప్పటి ఏదీ?"

"వేస్తున్నానండీ."

"పసిపిల్ల గుడ్డలు ఆరున్నాయి. నాలుగే వేశావు."

"లెక్కపెట్టారా బాబూ!"

"నిన్నంతా అదే పని."

చివరికి ఎనిమిది బొమ్మలూ నేల మీద పరిచారు. కిటికీ కిటికీకీ బట్టలు. మేడ మొహం సగం కనపడటం లేదు. మేష్టారు తెల్లకాగితం తీసి రాశాడు. 'పేపర్లో పడిన బొమ్మలో మనుషుల జాడ కావాలనే వదిలేశాం. తప్పు మాది. ఆ ఇల్లు ఖాళీ కాదు.' కింద ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు.

"ఈ మాట ఒక్కటీ చాలుతుందా?" అంది అమ్మాయి. "గీసేవాళ్లం, మా మాట కమిషనరు ఎందుకు వింటాడు?"

"పైకెళ్లి అందరి చేతా సంతకాలు పెట్టిద్దాం," అన్నాడు మేష్టారు. పెన్ను అతనికి అందించాడు. "ముందు మీరు కానివ్వండి. మీదీ ఆ మేడేగా."

అతను పెన్ను లాక్కున్నాడు. కాగితం చిరుగుతుందేమో అన్నంత ఒత్తి రాశాడు. సంతకం గీకి, ఎవరి మొహమూ చూడకుండా కాగితం మేష్టారి చేతిలో పెట్టాడు.

మేష్టారు పైకే చదివాడు.

"ఆ మెట్లెక్కకుండానే, ఈ బొమ్మ ఒక్కటీ చూసి, ఇల్లు ఖాళీ అని రిపోర్టు రాసిన ఇన్‌స్పెక్టర్ని నేనే."