కుడి చేతి ముక్క

"మామ్మగారూ, ఆ కాగితం మీద చెయ్యి తియ్యండి!"

కుట్టు మిషన్ ఠక్కున ఆగింది.

నాలుగు రోజుల కిందట పై గదిలో అద్దెకు దిగిన ముసలావిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూస్తున్నానంతేనమ్మా."

"చూపులతో ఆగితే మంచిదే."

నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని కూడా అంత గట్టిగా కసరడం ఆ ఇల్లాలికే చెల్లింది.

పాపం, ఆమె కంగారు ఆమెది. సోమవారం కూతుర్ని చలి ప్రాంతంలోని హాస్టల్‌కు పంపాలి. అక్కడి పిల్లలందరివీ షాపు బట్టలే. తన పిల్ల ఎవరికీ తీసిపోకూడదు. అందుకే మెరూన్ రంగు ఉన్ని గుడ్డ కొంత, బూడిద రంగుది కొంత తెచ్చింది. దేనిమీదికి ఏది వేసినా జత కుదిరేలా ఎనిమిది బట్టలు అనుకుంది. రెండు స్కర్టులు, ఒక ప్యాంటు, మూడు చొక్కాలు, చేతుల్లేని కోటు ఒకటి, అన్నిటి మీదికీ పెద్ద కోటు.

ఏడు అయ్యాయి. పెద్ద కోటుకు చేతులు అతికి, లైనింగ్ వేస్తే చాలు. ఎక్కడైనా తేడా వస్తే మళ్ళీ కత్తిరించడానికి గుడ్డ లేదు.

కోటు కొలతలన్నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పేపర్ కటింగ్‌లో, గుడ్డ మీద పరిచి కత్తిరించుకునే నమూనా కాగితంలో, ఉన్నాయి. ముప్పై ఏళ్ల నాటిది. ఎవరో చేత్తో గీసి, సూచనలు కూడా చేత్తోనే రాస్తే అలాగే అచ్చు వేశారు. మడతలు చిరిగి అతుకులు పడినా, ఇంటి దస్తావేజు కన్నా భద్రంగా దాచుకుంది.

"ఇలాంటి కాగితం ఇంకా ఎవరి దగ్గరైనా ఉందామ్మా?" అడిగింది ముసలావిడ.

"ఎందుకు?"

"ఊరికే."

ఆ 'ఊరికే'తో అనుమానం ముదిరింది. వీధి చివర రెడీమేడ్ షాపు వాళ్ళే కాపీ కొట్టుకు రమ్మని ఈవిడను పంపి ఉంటారు!

"చంక దగ్గర చిన్న తప్పుంది తల్లీ, ఇందులో."

"ముప్పై ఏళ్లుగా ఎంతమంది కుట్టారో! తప్పుంటే గీసినవాళ్ళకు తెలియదా?"

"తెలిసే ఉంటుందిలే," అని ముసలావిడ మెట్లవైపు నడిచింది.

ఆ సాయంత్రం ముక్కల బుట్టలో రెండు మెరూన్ ముక్కలు తగ్గాయి.

"గుడ్డ పేలికలు ఎవరైనా దొంగతనం చేస్తారటే?" భర్త నవ్వాడు.

"మీకేం! ఇల్లు దోచుకుపోయినా నవ్వుతూ కూర్చుంటారు."

శనివారం కోటుకు రెండు చేతులూ అతికి, ఆమె గుండీల కోసం బజారుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముసలావిడ మిషన్ ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో కోటు. చేతిలో సూది. కింద తెగిన దారప్పోగులు. పక్కనే పరిచిన కాగితం మీద పెన్సిల్ గీత!

"అయ్యో, అయ్యో! నా కోటు విప్పేశారా?"

"ఎడమ చెయ్యి ఒక్కటే విప్పి టాకాలేశానమ్మా. ఒకసారి పిల్లకు తొడిగి, చెయ్యెత్తించి..."

"ముందు మీరు బయటికి నడవండి! మళ్ళీ మా గుమ్మం తొక్కితే మర్యాదగా ఉండదు."

కూతురు ఏదో చెప్పబోయింది. తల్లి చూపుకు నోరు మూసుకుంది.

ముసలావిడ కళ్ళద్దాలు తీసి సంచిలో వేసుకుంది. సూదిని జాగ్రత్తగా దారం ఉండకు గుచ్చి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఇల్లాలు ఆ టాకాలు విప్పడానికి కూర్చుంది. విప్పేముందు ఎంత పాడైందో చూద్దామని కోటు పిల్లకు తొడిగింది.

"చేతులు పైకెత్తు."

ఎడమ చెయ్యి హాయిగా లేచింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"అమ్మా, ఇటు పట్టేస్తోంది. క్లాసులో చెయ్యెలా ఎత్తను?"

తల్లి ఎడమ చంక కింద తడిమింది. పలకలా కత్తిరించిన మెరూన్ ముక్క కనిపించీ కనిపించనట్టు అతికి ఉంది.

"ఈ ముక్క..."

"నేనే ఇచ్చాను. మామ్మ అడిగింది. నువ్వు తిడతావని చెప్పలేదు."

ఇల్లాలి ప్రాణం ఉసూరుమంది. చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరుగెత్తింది.

గది ఖాళీగా ఉంది. ఇంటి యజమానురాలు ఊడుస్తోంది.

"మామ్మగారేరీ?"

"తెల్లారగానే వెళ్ళిపోయారు. వేరే ఊళ్ళో ఎవరింట్లోనో ఏదో పాత కాగితం ఉందట. చూసి దిద్దాలన్నారు."

"ఏ ఊరు?"

"అడగలేదమ్మా. నువ్వు గానీ ఏమైనా అన్నావా? రాత్రి అన్నం ముట్టలేదు."



కిందికి వచ్చేసరికి కూతురు కోటు జేబులో చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"అమ్మా, ఇందులో ఏదో ఉంది."

పలకలా కత్తిరించిన రెండో ముక్క. దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ: 'ఇది కుడి చేతికి.'

ఆ 'చే'కు చివర ఒక మెలిక ఉంది. ఎక్కడో చూసిన మెలికే.

చీటీని కాగితం పక్కన పెట్టింది. 'చేతిని చంకకు కలపండి' అన్న అచ్చు అక్షరాల్లోనూ ప్రతి 'చే'కూ అదే మెలిక.

దొంగ అని తను బయటికి గెంటిన ఆ ముసలావిడే, ముప్పై ఏళ్ల కిందట ఆ కాగితం గీసిన మనిషి.