ఎదురెదురు కన్నాలు

వేడెక్కిపోయి కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. మిలెంకో కొత్త డిజైన్ ఇలా మొరాయించడం ఇది నాలుగోసారి. సోమవారం బెల్‌గ్రేడ్‌లో కంపెనీవాళ్లకు దాన్ని చూపించాలి.

పెట్టెను వెనక్కి తిప్పాడు. గాలి బయటికి పోయే కన్నాల్లో అమ్మ ఊలు మఫ్లరు కుక్కి ఉంది.

"చూశావా?" అన్నాడు వంటింట్లో ఉన్న భార్య యాగొదాతో. "ముందునుంచి చల్లగాలి రావాలి, వెనకనుంచి వేడిగాలి పోవాలి. నా డిజైనంతా అంతే. అమ్మకేమో ఎదురెదురుగా రెండు కన్నాలు కనపడకూడదు. 'ఆ గాలి తగిలితే మెడ పట్టేస్తుందిరా, చస్తావురా' అంటుంది. మండుటెండలో బస్సెక్కినా కిటికీ తియ్యనివ్వదు."

యాగొదా తడిచేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. మఫ్లరు లాగబోయి ఆగింది.

"పొద్దున నువ్వే కుక్కావు. చూశాను," అంది మెల్లగా. "అంతకుముందు మూడుసార్లు కూడా నువ్వే."

అతను మఫ్లరు కొసను వేలికి చుట్టుకున్నాడు.

"ప్రార్థనయ్యాక పంచే గోధుమలు ఉడికాయి. లేచి నల్లచొక్కా వేసుకో. శ్మశానం దగ్గర ఫాదర్ ఎదురుచూస్తుంటారు. అత్తయ్య పోయి ఇవాళ్టికి నలభై రోజులు."

మిలెంకో తలూపి లేచాడు. వెళుతూ వెళుతూ, గదికి ఎదురెదురుగా తెరిచున్న రెండు కిటికీలూ మూశాడు.