తేనె నాకించిన చెయ్యి

"తేనె నాకించింది మీరా, కాదా? ఆ ఒక్కటీ చెప్పండత్తయ్యా!"

వినీల బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. కింద ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మైలవరం బస్సెక్కి పుట్టింటికి పోతానంటోంది. పోతే మళ్ళీ ఈ ఇంటికి రాదు. ఆ సంగతి ఆమె మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పచ్చి బాలింత. ఒళ్ళో బిడ్డ మాత్రం లేదు. మొన్ననే మట్టిలో కలిపి వచ్చారు.

వెంకటరత్నమ్మ సోఫా పక్కన నేలమీద కూలబడి ఉంది. కోడలి మొహం చూసే ధైర్యం లేదావిడకి.

"నేనేనమ్మా," అంది చివరికి. "నువ్వు నిద్రలో ఉన్నావు. ఒక్క చుక్క, అంతే. మా పామర్రులో తేనె నాకించకుండా ఏ బిడ్డనీ ఉంచరు. సిద్ధూకి మా అత్తగారు నాకించలేదూ!"

"వద్దని నర్సు రూతుగారు చెప్పారా లేదా? నేను చెప్పానా లేదా?"

"చెప్పారు."

"అయినా నాకించారు! నాకించినవాళ్ళ బుద్ధులొస్తాయనేగా? మీ బుద్ధులే రావాలా నా కూతురికి? అంత ముచ్చటేమిటండీ మీకు?"

"నా బుద్ధులెందుకమ్మా..." అనబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వినీ, అక్క వస్తోందిగా. ల్యాబు రిజల్టేమిటో విని వెళ్ళు," అన్నాడు సిద్ధార్థ. పొద్దుటినుంచీ అతను అంటున్నది అదొక్కటే. భార్యని ఆపలేడు, తల్లిని అనలేడు. మధ్యలో నలిగిపోతున్నాడు పాపం.

సుస్మిత రానే వచ్చింది. పాపకి వైద్యం చేసిన హాస్పిటల్లోనే ఆమె మైక్రోబయాలజీ డాక్టరు. మేనకోడలు పోయిన దగ్గర్నుంచీ తిండీ నిద్రా మానేసి ఆ ల్యాబులోనే పడి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి.

"వినీలా, కూర్చో. నే చెప్పేది విను, తర్వాత నీ ఇష్టం."

"కూర్చోను వదినా. ఎవరివల్ల పోయింది నా బిడ్డ? అది చెప్పు."

"పాప రక్తంలో ఉన్న బాక్టీరియా మామూలుదే. ఇచ్చిన మందుకి చచ్చిపోవాలి. చావలేదు. ఎందుకంటే పాప కడుపులో దానికి ఇంకో బాక్టీరియా జత చేరింది. అది దారంలాంటి సన్నటి గొట్టం చాపి దీన్ని దగ్గరికి లాక్కుంది. రెండూ ఆనుకున్నచోట, పొరల్లోంచి, తన డీఎన్ఏ ముక్క ఒకటి నకలు తీసి దీని లోపలికి పంపించింది. మందుని ఎలా తట్టుకోవాలో ఆ ముక్కలో ఉంది. వాటికి కన్నబిడ్డే కానక్కర్లేదు వినీలా, ఒకే జాతి కూడా కానక్కర్లేదు. పక్కన చేరితే చాలు, తమకున్నది ఇచ్చేస్తాయి."

"ఆ ఇచ్చింది ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరి ఒంట్లోది?"

"హాస్పిటల్లో పాప గదిలోకి వచ్చినవాళ్ళందరి గొంతుల్లోంచీ శాంపిళ్ళు తీశాం కదా, నర్సులవీ మనవీ. ఒక్కరిదాంట్లోనే ఉంది. పాపలో దొరికిన ముక్క, అచ్చంగా అదే." సుస్మిత ఊపిరి తీసుకుంది. "అమ్మది కాదు."

"కాదా?"

"కాదు. నమ్మక మళ్ళీ చేసి చూశాను. అమ్మ గొంతులో ఏమీ లేదు."

వినీల భుజంమీంచి బ్యాగు జారిపోయింది. వెళ్ళి అత్తగారి పక్కన కూలబడి ఆవిణ్ణి రెండు చేతులా వాటేసుకుంది.

"ఎన్నెన్ని మాటలన్నాను అత్తయ్యా మిమ్మల్ని! పొట్టన పెట్టుకున్నారన్నాను..."

"పోన్లే నా తల్లే. కడుపుకోతలో ఉన్నదానివి, నన్ను కాక ఇంకెవర్నంటావు?"

అత్తా కోడళ్ళు ఘొల్లుమన్నారు. పాప పోయాక ఇద్దరూ ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదలు. సిద్ధార్థ కళ్ళు తుడుచుకుంటూ బాల్కనీలోకెళ్ళి ఆటోని పొమ్మన్నాడు. బిడ్డ ఎలాగూ తిరిగి రాదు, ఇల్లయినా నిలబడింది అనుకున్నాడు.

"మరి ఎవరిది వదినా?" అంది వినీల కాసేపటికి.

"నాది."

సుస్మిత వచ్చి వినీల ముందు నేలమీద కూర్చుంది.

"రోజంతా ఆ క్రిములతోనే కదా నా పని. ఎప్పుడు చేరిందో చేరింది గొంతులో. నన్నేమీ చెయ్యదు, ఉన్నట్టే తెలీదు. తిట్టు వినీలా, కొట్టినా పడతాను. కానీ నాకు అర్థం కావట్లేదే! ల్యాబు నుంచి వస్తున్నానని మాస్కు లేకుండా మీ గదిలో అడుగు పెట్టలేదు. ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోయినా ముట్టుకోలేదు. దూరంగా నిలబడి చూసి పోయాను. నా మేనకోడలి బుగ్గ ఎంత మెత్తగా ఉంటుందో కూడా తెలీని మేనత్తనే నేను! నా గొంతులోది దాని నోట్లోకి ఎలా పోయింది?"

"ఊరుకో వదినా. నువ్వు కావాలని చేశావా ఏవిటి?" అంటూ వినీల ఆమె చెయ్యి పట్టుకుంది.

వెంకటరత్నమ్మ కోడలి భుజంమీద వేసిన చెయ్యి తీసేసింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ పొద్దున గది బయట వరండాలో నీ మాస్కు దింపి, రుచి చూడవే అని నీ నోట్లో వేలితో తేనె పెట్టానే సుస్మీ... కడిగితే నీ చదువు పాపకి అంటదేమోనని, ఆ వేలు కడుక్కోకుండానే లోపలికెళ్ళానే!"