రోజుకో మిల్లీమీటరు

"మళ్ళీ ఒకటేనా బాబాయ్?" రిజిస్టరు తిప్పుతూ అడిగింది ఇంజనీరమ్మ.

"ఒకటేనమ్మా. మొండి నేల, ఇంకా దిగుతూనే ఉంది," అన్నాడు కొలతలు తీసే పెద్దాయన, చూపు తప్పించి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడని ఆయన్ని సైటులో అందరూ మిల్లీమీటరు బాబాయి అంటారు.

అది ప్రసూతి ఆసుపత్రి కట్టాల్సిన చోటు. కిందంతా బురద. నీరు పైకి రావడానికి నేలలోకి నిలువునా పట్టీలు దించి, పైన రెండు నిలువుల ఎత్తు మట్టి పోశారు. ఆ బరువుకి నీరు పిండుకుపోయి నేల గట్టిపడాలి. దిగడం ఆగాకే దిబ్బ తీసి పునాది వేయాలి. తొందరపడితే గోడలు బీటలు వారతాయి.

కాంట్రాక్టరు ఫోన్లో చెవిలో జోరీగలా తయారయ్యాడు. "వానలు కూడా వెలిశాయి మేడమ్. రేపు దిబ్బ తీసేస్తా. ఆయన కొలతలు పట్టుకు కూర్చుంటే ఆసుపత్రి నా మనవరాలి పురుటికి కూడా అందదు!"

ఫోన్ పెట్టేసి ఆమె బాబాయి వైపు తిరిగింది.

"ఇరవై రెండు రోజులుగా ఒకటి, ఒకటి, ఒకటి. నేలేమైనా హోంవర్కు రాస్తోందా బాబాయ్? ఒకరోజు రెండు, ఒకరోజు అర, అలా తగ్గుతూ పోవాలి కదా! పదండి, నా ముందు కొలవండి."

బాబాయి తలొంచుకుని దిబ్బ ఎక్కాడు. సగం ఎక్కేసరికి తీతువు పిట్ట ఒకటి నెత్తిమీద గిరికీలు కొడుతూ గోల పెట్టింది. కొలత తీసే ఇనుపకడ్డీ మొదట్లో, గులకరాళ్ల మధ్య, చుక్కల గుడ్లు నాలుగు.

"అంతకుముందు మూడు రోజులు వరసగా సున్నా వచ్చిందమ్మా. నాలుగోరోజు వస్తే ఇది కూర్చుని ఉంది. ఇంకో సున్నా రాస్తే దిబ్బ తీసే మిషను వచ్చేసేది. చెయ్యాడలేదు. మళ్ళీ దిబ్బెక్కలేదు."

"కొలవకుండా రాశారా? మీరా?"

"ముప్పై ఏళ్లలో ఇదే మొదలు. ఉద్యోగం తీసెయ్యమ్మా, ఏమీ అనుకోను. ఇంకో ఐదు రోజులు, పిల్లలయ్యేదాకా ఆగు, చాలు."

ఆమెకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈయన అంకెల్ని కళ్లు మూసుకుని నమ్మింది. ఇద్దరూ నాలుగడుగులు వెనక్కి జరగ్గానే పిట్ట వాలి, ఈకలు పొంగించి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. ఆమె కోపం అక్కడే నీరుగారిపోయింది. కాంట్రాక్టరుకి ఫోన్ చేసింది.

"ఇంకా దిగుతోందండీ. ఐదు రోజులు ఆగండి."

అబద్ధం అలవాటు లేక ఆమె చెవులు వేడెక్కాయి. బాబాయి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

రోజుకొకటి చొప్పున మరో ఐదు ఒకట్లు రిజిస్టరెక్కాయి. ఐదోనాడు పొద్దున్నే నాలుగు పిల్లలు తల్లి వెనకాల తప్పటడుగులు వేసుకుంటూ గడ్డిలోకి వెళ్లిపోయాయి. ఆ వెనకే మిషను వచ్చింది.

"ఆఖరి కొలత ఒకటి పడనీ," అంది ఆమె, మనసు ఊరుకోక. బాబాయి కడ్డీ మీద కొలబద్ద నిలబెట్టాడు. ఆమె లెవెల్ దుర్భిణిలోంచి చూసి, అద్దం తుడిచి, మళ్ళీ చూసింది.

"నిటారుగా పట్టారా?"

"ఎన్నడైనా వంకరగా పట్టానా అమ్మా?"

ఆఖరి సున్నా నాటి కొలతతో పోల్చుకుంది. ఆ తర్వాత కురిసిన వానలకు తడిసిన దిబ్బ ఎంత బరువెక్కుతుందో ఆమెకు అప్పుడు తట్టింది.

"మిషను వెనక్కి పంపెయ్యండి!"

బాబాయి దొంగ లెక్కలన్నీ కూడితే ఇరవై ఏడు మిల్లీమీటర్లు.

నేల దిగింది ముప్పై ఒకటి.